క్లారెన్స్ జోర్డన్ – వడ్డీలేని గూడు

గ్రంథాలయమనగా పుస్తకముల నెరువిచ్చు చోటని మన యూర పసివారికిని తెలియును. ఆవుల నెరువిచ్చిన గ్రంథాలయ మొకటి లోకమున నుండెనని చెప్పినచో నవ్వుదురేమో. అమెరికా సంయుక్తరాష్ట్రములలో దక్షిణముననున్న జార్జియాలో, సమ్టర్ అను మండలమున, కొయినోనియా అను వ్యవసాయక్షేత్రమున అట్టిదొకటి నిజముగా నుండెను. పాడిలేని పేదయింటివాడు వచ్చి, పాలిచ్చు ఆవును తోలుకొనిపోయి, తన పిల్లలకు పాలు పోసికొనవచ్చును. అది వట్టిపోయిన పిమ్మట తెచ్చి యప్పగించి మరియొక పాడియావును తోలుకొనిపోవచ్చును. రొక్క మీయనక్కరలేదు. ఆ యేర్పాటునకు వారు పెట్టుకొన్న పేరే ఆవుల గ్రంథాలయము. దానిని నడపిన రైతు గ్రీకుభాషలో డాక్టరు పట్టము పొందిన పండితుడు. నేడు పలు దేశములలో పేద కుటుంబములు ఇరుగుపొరుగు వారి చేతిసాయముతో, తమకు తీర్పశక్యమైన అప్పుతో, సొంత యిండ్లు కట్టుకొనుచున్న పద్ధతి యొకటి కలదు. దాని మొదటి మొలక ఆ పొలముననే లేచినది. ఆ పండితుని పేరు క్లారెన్స్ జోర్డన్.

ఆయన 1912వ సంవత్సరము జూలై 29వ తేదీన జార్జియాలోని టాల్బటన్ అను చిన్న పట్టణమున జన్మించెను. పదిమంది సంతానములో ఏడవవాడు. తండ్రి బ్యాంకును, సరకుల దుకాణమును నడపిన కలిగిన గృహస్థు. ఇంటి కనతిదూరమున కారాగారము, సంకెలలు వేసి రోడ్డుపని చేయించెడి ఖైదీల శిబిరమును ఉండెను. అందు పెక్కురు నల్లవారు. బాలుడైన క్లారెన్స్ బడినుండి వచ్చుచు వారితో ముచ్చటించెడివాడు. ఒకనాటి సాయంకాలము ప్రార్థనాసభలో ఆ శిబిరాధికారి భక్తిపారవశ్యముతో కీర్తన పాడగా పిల్లవాడు చూచెను. ఆ రాత్రియే శిబిరమునుండి, కొయ్యచట్రమున కట్టి సాగదీయబడుచున్న ఖైదీ యొక్క ఆర్తనాదము వినవచ్చెను. హింస పెట్టించుచున్నవాడు ఆ పాడినవాడే. ఈ రెండును ఒక్క మనుష్యునియందెట్లు పొసగునన్న ప్రశ్న ఆ పసిమనస్సున ముల్లువలె దిగి, తుదివరకు రాలేదు.

పేదరైతులకు మేలైన సేద్యము నేర్పవలెనన్న తలంపుతో జార్జియా విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము చదివి 1933లో పట్టభద్రుడయ్యెను. చదువుతోపాటు సైనికశిక్షణయు పొందెను. ఆ వేసవిలో అశ్వికదళపు శిబిరమున, గుఱ్ఱముపై దౌడు తీయుచు బొమ్మలను కత్తితో నరకు అభ్యాసము జరుగుచుండగా, శత్రువునైనను ప్రేమింపుమన్న ఏసుబోధ ఆయనకు తలపునకు వచ్చెనట. గుఱ్ఱము దిగి, తనకు రానున్న సైనికోద్యోగమును వదలుకొనెను. పిమ్మట లూయీవిల్ నగరమందలి బాప్టిస్టు వేదాంతకళాశాలలో చేరి, క్రొత్త నిబంధన గ్రంథమును మూలమైన గ్రీకులోనే చదివి డాక్టరయ్యెను. ఆ కళాశాల గ్రంథాలయమున పనిచేయుచుండిన ఫ్లారెన్స్ అను యువతిని 1936లో వివాహమాడెను. గ్రంథాలయము కూర్చిన దాంపత్యమని మన సంచికలో వ్రాసికొనుటకు నాకు సంతోషముగా నున్నది.

లూయీవిల్ నగరపు పేదవాడలలో పనిచేయునప్పుడు జోర్డన్ ఒక సంగతి గ్రహించెను. అచ్చటి నల్లవారు పల్లెలలో బ్రతుకుతెరువు లేక, నిలువనీడ లేక పట్టణమునకు వచ్చి పడినవారు. రోగము పల్లెలో నుండగా పట్నమున మందు వేసి ప్రయోజనమేమి? ఇట్లు తలపోయుచున్న సమయమున, బర్మాలో మతప్రచారకుడుగా నుండి వచ్చిన మార్టిన్ ఇంగ్లండ్ అనునాతడు స్నేహితుడయ్యెను. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో బడులును ఆసుపత్రులును నెలకొల్పిన అమెరికను బాప్టిస్టు మిషనువారే ఈయనను బర్మాకు పంపినది. ఇద్దరును కలిసి, తెల్లవారు నల్లవారు ఒక్క పంక్తిని కూర్చుండి భుజించు వ్యవసాయక్షేత్రము నొకదానిని స్థాపింప నిశ్చయించిరి. జోర్డన్ ఇంగ్లండువద్ద ధనమున్నదనుకొనెను. ఇంగ్లండు జోర్డనువద్ద నున్నదనుకొనెను. తీరా సంచులు విప్పి లెక్కింపగా ఇరువురికిని కలిపి 57 డాలర్ల 13 సెంట్లు తేలెను. చిట్టాలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు ఈ ప్రారంభనిల్వ చూచినప్పుడెల్ల ముచ్చట వేయును. ఒక దాత మొదటి చెల్లింపునకు సొమ్మీయగా, 1942లో అమెరికస్ పట్టణమునకు సుమారు ఎనిమిది మైళ్ల దూరమున, సారముడిగిన 440 ఎకరముల పొలము దొరికెను.

దానికి కొయినోనియా అని పేరిడిరి. ఇది గ్రీకు శబ్దము. కలిసి పంచుకొని బ్రతుకుట యని అర్థము. ఏసు శిష్యులలో మొదటి తరమువారు తమ ఆస్తులనుమ్మి ఉమ్మడిగా నుంచుకొని, ఎవనికెంత యక్కరయో అంత వాడుకొనిరని అపొస్తలుల కార్యముల గ్రంథమున కలదు. దానిని చదివి పారవశ్యమొందువారు కోట్లు. అది చేయవలసిన పని యని తలచినవారు కొలదిమంది. ఆ కొలదిమందిలో జోర్డన్ ఒకడు.

ఆ దినములలో ఆ దేశపు దక్షిణభాగమున నల్లవానితో కలిసి భోజనము చేయుట యెంతటి యపచారమో మన తాతల కాలపు అంటరానితనము నెఱిగిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. క్షేత్రమున కూలికి వచ్చిన నల్లవాడును వీరితో సమముగా బల్లయొద్ద కూర్చుండుట తెలిసి, కొందరు తెల్లవారు వచ్చి, నల్లవారితో తినువారిమీద ఈ సీమలో సూర్యుడస్తమింపడని బెదిరించిరి. జోర్డన్ చిరునవ్వుతో వారి చేయి పట్టుకొని, సూర్యుని నిలిపినవారిని గూర్చి గ్రంథములలో చదివితినే గాని అట్టివారిని కన్నులార చూచు భాగ్యము కలుగునని యనుకొనలేదని పలికెనట. వచ్చినవారును నవ్వక తప్పలేదు. ఇంగ్లండు కుటుంబము 1944లో వెడలిపోయినను క్షేత్రము పెరిగెను. జోర్డన్ కోళ్ల పెంపకము సాగించెను. గ్రుడ్ల వ్యాపారము లాభించెను. పొరుగు రైతులకును శాస్త్రీయమైన సేద్యము నేర్పెను.

1950వ సంవత్సరమున జరిగిన యొక సంఘటనకు మన దేశముతో సంబంధము కలదు. భారతదేశమునుండి ఫ్లారిడాకు చదువునకు వచ్చిన విద్యార్థి యొకడు క్షేత్రమునకు అతిథిగా వచ్చెను. హిందువైన ఆ పిల్లవాడు, క్రైస్తవుల ఆరాధన యెట్లుండునో చూడగోరగా, జోర్డన్ కుటుంబమువారు తమ రెహోబోతు బాప్టిస్టు దేవాలయమునకు వెంట తోడుకొనిపోయిరి. మేనిఛాయ చామన యగుటచేత అచ్చటివారు నల్లవాడు జొరబడెనని కలవరపడిరి. ఆ నెపముననే క్షేత్రమువారి నందరిని సంఘమునుండి వెలివేసిరి. దేవుని చూడవచ్చిన పరదేశి కారణముగా దేవునివారిని దేవాలయమువారు గెంటివేసిన వింత యిది.

అసలు కష్టము 1956లో మొదలయ్యెను. అట్లాంటాలోని ప్రభుత్వకళాశాలలో చేర దలచిన ఇద్దరు నల్లవిద్యార్థుల దరఖాస్తులపై జోర్డన్ సంతకము చేయ యత్నించెనన్న వార్త పొక్కినది. అంతట ఆ మండలమంతయు ఏకమై క్షేత్రమును వెలివేసెను. కోళ్లకు దాణా అమ్మువాడు లేడు. గ్రుడ్లు కొనువాడు లేడు. యంత్రములకు చమురు పోయువాడు లేడు. బ్యాంకు అప్పీయదు, భీమావారు భీమా సాగనీయరు. కోళ్లను వదిలించుకొనవలసి వచ్చెను. రోడ్డువార నున్న వీరి అంగడిని 1956 జూలైలో బాంబుతో కొట్టిరి. మరుసటి జనవరిలో మరల కొట్టి నేలమట్టము చేసిరి. రాత్రులు ఇండ్లమీదికి తుపాకులు పేల్చిరి. ఎదురుకాల్పులు కూడదని జోర్డన్ నియమము. కావున రాత్రి దీపము పట్టుకొని కావలి కూర్చుండుటయే చేసిరి. 1957లో న్యూయార్కునుండి వచ్చి కావలికి తోడు నిలిచిన డొరతీ డే అను ప్రసిద్ధ సేవాపరురాలు కూర్చున్న బండిమీద సయితము గుండ్లు కురిసెను. వీరికి సరకమ్మిన ఒక దాణాకొట్టును పట్టణము నడుమనే బాంబు పెట్టి పగులగొట్టిరి. విచారణకు కూర్చున్న న్యాయవిచారణ సంఘమువారు దోషులను వెదకుట మాని, క్షేత్రమువారే కమ్యూనిస్టులను నెపము మోపిరి. పిల్లలను పట్టణపు ఉన్నతపాఠశాలలో చేర్చుకొనకపోగా, 1960లో కేంద్ర న్యాయస్థానము ఆజ్ఞాపింపవలసి వచ్చెను.

ఈ సమయముననే తమ పక్షమున వకాలతు పుచ్చుకొమ్మని జోర్డన్ తన సోదరుడైన రాబర్టు నడిగెను. రాబర్టు న్యాయవాది, రాజకీయములలో ముందునకు రాదలచినవాడు. తనకు ఇల్లు వాకిలి, పేరు ప్రతిష్ఠ పోవునని వెనుకాడెను. ఏసును అనుసరింతును గాని సిలువవరకు మాత్రమే, సిలువ నెక్కుటకు కాదని యతని మాటల సారము. అట్లయిన నీవు ఆయనను మెచ్చుకొనువాడవే గాని శిష్యుడవు కావని క్లారెన్స్ చెప్పెను. రాబర్టు కాలక్రమమున ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. నేను ఆ సోదరుని తప్పు పట్టను. ఆలుబిడ్డలు గలవారమందరము పెక్కు తడవలు ఆయన నిలిచిన చోటనే నిలుతుము.

చుట్టుపట్ల అమ్మకము సాగకపోగా వారొక ఉపాయము కనిపెట్టిరి. ఆ ప్రాంతమున పెకాను అను చెట్లు మెండు. దాని పప్పు అక్రోటుపప్పును పోలియుండును. దానిని ఒలిచి, పొట్లములు కట్టి, టపాద్వారా దూరదేశములందలి మిత్రులకు అమ్మసాగిరి. ఊరు వెలివేయగా టపా కాపాడినది. అయినను ఏండ్లు గడచుకొలది సుమారు అరువదిమంది యుండిన క్షేత్రము పలుచబడి, 1960 తరువాత రెండు మూడు కుటుంబములు మాత్రము మిగిలెను. పట్టణములందు ఊరేగింపులు, సత్యాగ్రహములు ఉధృతముగా సాగిన ఆ కాలమున ఆ యువకులకు వీరు బస యిచ్చిరి గాని, జోర్డన్ వానిలో ముందు నిలువలేదు. బహిష్కారము తాను అనుభవించినవాడగుటచే ఎదుటివానిపై దానిని ప్రయోగించుట ఆయనకు రుచింపలేదు. ఈ విషయమున ఆయన పట్టుదల కొంత యెక్కువేమో యని నాకు తోచును. ఆయుధము లేనివానికి అదియొక్కటే ఆయుధము గదా.

ఆ యొంటరి దినములలో పొలము నడుమ చిన్న పాకలో కూర్చుండి జోర్డన్ క్రొత్త నిబంధనను తన సీమ రైతులు మాటలాడు వాడుకలోనికి తిరుగవ్రాసెను. ప్రత్తిచేని పాఠమని దానికి పేరు. అందు యెరూషలేము అట్లాంటా నగరమైనది, రోము వాషింగ్టనైనది. ఏసుని సిలువ వేయలేదు, నల్లవానిని చెట్టునకు ఉరితీసినట్లు జనులు మూకయై చంపిరి. పండితులు కొందరు ముక్కు విఱిచిరి. తిక్కన సోమయాజి భారతపాత్రలచేత తెలుగింటి మాటలే పలికించెను గనుకనే గదా వారు మనవారైరి. ఆ దృష్టితో చూచిన జోర్డను పని మనకు వింతగా తోపదు.

ఇక ఇండ్ల సంగతి. ఆ మండలమున నల్లవారిలో పెక్కురు పాలుకు సేద్యము చేయువారు. దున్ను నేల దొరది, తలదాచుకొను కొంపయు దొరదే. పలకలసందుల గాలి, కప్పుసందుల వాన, నీళ్ల గొట్టము లేదు, మరుగుదొడ్డి లేదు. తరువాత దుక్కికి ట్రాక్టరు వచ్చెను, కలుపునకు మందు వచ్చెను, ప్రత్తి తీయుటకు యంత్రము వచ్చెను. పనితోపాటు ఆ కొంపయు పోయెను. సూదిమొన మోపినంత నేలయు నీయనన్న కౌరవుని మాట అచ్చట చట్టముగానే నడచుచుండెను. బ్యాంకునకు పోయిన, హామీ చూపుమందురు. నేలలేనివాడు దేనిని చూపును?

1965లో మిల్లర్డ్ ఫుల్లర్ అను న్యాయవాది భార్యాసమేతుడై రెండు గంటలసేపు చూచిపోవుటకై వచ్చి, నెలదినములు నిలిచిపోయెను. ముప్పది యేండ్లకే పదిలక్షల డాలర్లు గడించి, ఆ గడనలో సంసారము చెడుచున్నదని తెలిసికొని, సర్వమును దానము చేసినవాడాతడు. 1968లో మరల వచ్చెను. అప్పటికి క్షేత్రమును మూసివేయుటయా యన్న స్థితి. జోర్డన్, ఫుల్లర్, మరి కొందరు మిత్రులు కూర్చుండి ఆలోచించి, పొలమును భాగస్వామ్య సంస్థగా మార్చిరి. మానవతానిధి యని యొక నిధి పెట్టిరి. క్షేత్రమునందు అర్ధ ఎకరము చొప్పున 42 ఇండ్ల స్థలములు గీచిరి. పేదవానికి కావలసినది భిక్షగాదు, పెట్టుబడి. తనపై పెత్తనము చేయువాడుగాదు, తనతో పనిచేయువాడు. ఇది జోర్డను తేల్చిన సిద్ధాంతము.

పద్ధతి యిది. మిత్రుల విరాళములు, వడ్డీ లేక వారిచ్చిన బదుళ్లు, పెకానుపప్పు లాభము, ఇవి నిధిలో చేరును. ఆ సొమ్ముతో సిమెంటు దిమ్మలతో గట్టి యిల్లు లేచును. స్వచ్ఛందముగా వచ్చినవారు పనిచేయుదురు, ఇంటివారును చేయి వేయుదురు. కట్టుటకైన ఖర్చే ఇంటి వెల. లాభము లేదు, వడ్డీ లేదు. ఇరువది యేండ్లలో నెలనెల తీర్పవలెను. తీర్చిన సొమ్ము మరల నిధిలో చేరి వేరొకరి యిల్లగును.

దీనిని నా వృత్తిధర్మమునుబట్టి కొంచెము లెక్క వేసి చూపెదను, చదువరులు ఓపిక పట్టవలెను. ఇంటి ఖర్చు 6,000 డాలర్లనుకొందము. ఇరువది యేండ్లనగా 240 నెలలు. వడ్డీ లేనిచో నెలకు 25 డాలర్లు. అదే యప్పు సాలునకు నూటికి ఎనిమిది వడ్డీకి తెచ్చినచో, సమాన వాయిదాలలో నెలకు 50 డాలర్లకు పైచిలుకు చెల్లింపవలెను. మొత్తము 12,000 డాలర్లు దాటును. అనగా వాడు రెండిండ్ల వెల చెల్లించి ఒక యింట కాపురముండును. రెండవ యిల్లు ఎవరికిని కనబడదు, అది కాగితములలో ఉండును. జోర్డను చేసినదెల్ల, ఆ కనబడని రెండవ యింటి బరువును పేదవాని మెడనుండి దించుటయే. పేదవానికిచ్చిన యప్పునకు వడ్డీ పుచ్చుకొనరాదని మోషే ధర్మములలో కలదు. మన మనుస్మృతియు అసలు వడ్డీ కలిసి రెట్టింపును మించరాదని హద్దు పెట్టినది. నెలకు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీలను ఎఱిగిన మన పల్లెలవారికి ఇందలి ధర్మసూక్ష్మము పండితులకంటె ముందుగా బోధపడును.

కుచేలుడు ద్వారకనుండి మరలి వచ్చునప్పటికి కొంప మేడయై యుండెను. అది భగవంతుని లీల. వాకిట నిలిచి ఇది యెవరి యిల్లని తానే శంకించుకొనెను. తన చేతులతో దిమ్మలెత్తి, నెలనెల తీర్చుకొనువానికి ఆ శంక కలుగదు. అది తన యిల్లే. అతడు ఎవరికిని తలవంచనక్కరలేదు. మన పల్లెలలోను పాక యెత్తునాడు వీధివారందరు చేయి వేసెడి ఆచారముండెను. తాటాకుతో నది సరిపోయెను గాని, ఇటుకకు సిమెంటునకు చేతులు మాత్రము చాలవు. చేతులతోపాటు మూలధనమును ఉమ్మడి చేయుటయే జోర్డను కూర్చిన క్రొత్త.

మొదటి యిల్లు 1969లో లేవసాగెను. గోడలు నిలిచెను, పని ముగింపునకు వచ్చుచుండెను. అక్టోబరు 29వ తేదీన జోర్డన్ తన పాకలో ఉపన్యాసము సిద్ధము చేసికొనుచుండగా గుండె ఆగి మరణించెను. వయస్సు 57 సంవత్సరములు. మరణము నిర్ధారింప రమ్మని పట్టణమునకు కబురంపగా, శవవిచారణాధికారి ఆ క్షేత్రమునకు రాననెను. ఫుల్లరే మృతదేహమును బండిలో పట్టణమునకు తీసికొనిపోవలసి వచ్చెను. శవపేటికలను దూరమునకు పంపుటకు వాడెడి దేవదారు పలకల డబ్బాలో, తాను పొలమున తొడుగు దుస్తులతోనే, కొండవాలున నాతనిని పాతిపెట్టిరి. గుర్తుగా రాయి నిలుపలేదు. పూడ్చునప్పుడు ఫుల్లరు కూతురు, రెండేండ్ల పసిది, తనకు వచ్చిన పాట అదియొక్కటే గనుక, పుట్టినరోజు పాట పాడెనట.

మొదటి కుటుంబము ఆయన పోయిన పిమ్మటనే ఆ క్రొత్తయింట ప్రవేశించెను. తాను నాటినదాని మొదటి కాపును జోర్డన్ చూడలేదు. తరువాత గీచిన స్థలములలో ఇండ్లు వరుసగా లేచెను. ఫుల్లర్ 1973లో ఆఫ్రికాలోని జయీరు దేశమునకు పోయి అచ్చటను ఈ పద్ధతినే నాటి, తిరిగివచ్చి 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అను సంస్థను స్థాపించెను. ఆ సమ్టర్ మండలపు ప్లెయిన్స్ గ్రామమువాడే యైన జిమ్మీ కార్టర్, అధ్యక్షపదవినుండి దిగిన పిమ్మట, 1984 మొదలుకొని సుత్తి చేతపట్టి ఈ సంస్థ యిండ్లకు ఏటేట వడ్రంగము చేసెను. 2006లో మహారాష్ట్రమునకు వచ్చి లోనావాలా చెంత పనిచేసెను. వెలివేతను చూచిన మండలమునుండియే అట్టి కూలివాడు వచ్చుట చిత్రము.

ఆ సంస్థ భారతదేశమున మొదట అడుగు పెట్టినది 1983లో, మన తెలుగుగడ్డమీద, ఖమ్మములో. అటుపిమ్మటనే తక్కిన రాష్ట్రములకు పోయెను.

కొయినోనియా క్షేత్రము నేటికిని కలదు. అచ్చటినుండి పెకానుపప్పు పొట్లములు నేటికిని టపాలో పోవుచున్నవి.